కత్తిరించిన నవ్వు

మార్చి నెల, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా ఊరి తూర్పు పక్కన ఉన్న ఒక చైనా బఫే హోటలు వంటగదిలో ఎఫ్రాయిన్ అనే మనిషి మీద కత్తి పడింది. మాంసం కొట్టే కత్తి. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది గొంతు మీద, ఎడమవైపు.

పోలీసులు వెళ్లేసరికి ఎఫ్రాయిన్ గిన్నెలు కడిగే సింకు కింద పడి ఉన్నాడు. అతని తల లిన్ అనే వంటవాడి ఒళ్లో ఉంది. లిన్ రెండు చేతులతో ఆ మెడ నొక్కి పట్టుకున్నాడు. రక్తం ఆపడానికి నొక్కుతున్నాడో, ఊపిరి ఆపడానికి నొక్కుతున్నాడో ముందు వచ్చిన పోలీసుకి అర్థం కాలేదు. తుపాకీ తీసి చేతులెత్తమన్నాడు. లిన్ ఎత్తలేదు. స్పానిష్‌లో ఏదో అరిచాడు. పోలీసు అతని వీపు మీద తన్ని, బోర్లా పడేసి, బేడీలు వేశాడు. లిన్ చేతులు తీసిన చోట నుంచి రక్తం సింకు తలుపు దాకా చిమ్మింది. వెనకే వచ్చిన అంబులెన్స్ మనిషి మోకాళ్ల మీద కూలబడి, ఆ చేతులున్న చోటే తన చేతులు పెట్టాడు.

కత్తి మీద లిన్ వేలిముద్రలున్నాయి. కత్తి లాక్కుని పారేసింది తనేననీ, నరికింది పెద్ద వంటవాడు హువాంగ్ అనీ లిన్ ఫోనులో దుబాసీ ద్వారా చెప్పాడు. హువాంగ్ హోటలు యజమానికి బావమరిది. యజమాని భార్య చెప్పింది వేరు.

"మా తమ్ముడు ఇవాళ డ్యూటీకే రాలేదు. వాళ్లిద్దరూ రోజూ స్పానిష్‌లో అరుచుకుంటారు. ఎందుకో మాకు తెలీదు."

వంటగదిలో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్లు ఆమె మొహం చూసి, మేం చూళ్లేదన్నారు.

లిన్ జేబులో ఒక ఫోను, ఒక విజిటింగ్ కార్డు దొరికాయి. కార్డు మీద పేరు డాక్టర్ పర్సిస్ నల్లపాటి.

ఆ సాయంత్రం పర్సిస్ చారుకి తాలింపు వేస్తుంటే ఫోను మోగింది. అటువైపు మనిషి తనని డిటెక్టివ్ ఒర్తేగా అని పరిచయం చేసుకున్నాడు. ఎక్కువ మాట్లాడలేదు.

"ఒక చిన్న రికార్డింగ్ వినిపిస్తాను. గొంతు గుర్తుపడితే చెప్పండి."

స్పానిష్‌లో ఒక వాక్యం వినపడింది. తెలుగులో చెప్పాలంటే ఇది: 'నా కత్తి మళ్లీ ముట్టుకున్నావంటే నిన్ను చంపేస్తాను, ఎఫ్రాయిన్.'

"లిన్," అంది పర్సిస్. తాలింపు మాడిపోయింది. "ఏమైంది?"

ఒర్తేగా ఏమైందో చెప్పాడు. ఆ క్లిప్పు లిన్ ఫోనులో దొరికిందని చెప్పాడు. రేపు మధ్యాహ్నం లోపల కేసు పెట్టాలో వద్దో ప్రాసిక్యూటర్ తేలుస్తాడని కూడా చెప్పాడు.

"అది నిజం బెదిరింపు కాదు," అంది ఆమె. "నేను అనమంటే అన్నాడు."

"డాక్టర్, నేను మెక్సికో సరిహద్దు ఊరు ఎల్‌పాసోలో పుట్టాను. స్పానిష్‌లో కోపం ఎలా ఉంటుందో నాకు మా అమ్మ నేర్పింది. ఇది కోపమే."

పర్సిస్‌ది చీరాల. నాన్న అక్కడి చర్చిలో క్వయర్ నడిపేవాడు. కొత్త కీర్తన ఏది నేర్పినా ముందు మాటలు లేకుండా కూనిరాగం తీయించేవాడు. ఆ పిల్ల పెద్దయి ఇల్లినాయ్‌లో ఒక యూనివర్సిటీలో గొంతుల మీద పరిశోధన చేస్తోంది. చైనా నుంచి వచ్చినవాళ్లు స్పానిష్ రాగాన్నీ లయనీ ఎలా పట్టుకుంటారన్నది ఆమె విషయం. దానికి అరోరాకి మించిన చోటు లేదు. చైనాలోని ఫూజియన్ నుంచి వంటపనికి వచ్చిన వాళ్లకి ఇంగ్లీషు కంటే ముందు స్పానిష్ అబ్బుతుంది, ఎందుకంటే పక్కన సింకు దగ్గర నిలబడేది మెక్సికో మనిషి.

చైనా భాషలో ప్రతి అక్షరానికీ తన స్వరం తనకుంటుంది. అది మారితే మాటే మారిపోతుంది. స్పానిష్‌లో స్వరం అక్షరానిది కాదు, వాక్యానిది. అందుకని చైనా మనిషి స్పానిష్ మాట్లాడితే లయ తొందరగానే కుదురుతుంది. రెండు భాషలూ అక్షరానికి ఇంచుమించు ఒకే కొలత ఇస్తాయి. రాగం మాత్రం ఆలస్యంగా వస్తుంది. కొందరికి అసలు రాదు. లిన్ ప్రతి అక్షరాన్నీ పై నుంచి కిందకి విసిరేసేవాడు. వినేవాడికి అది తిట్టులా ఉండేది.

ఆ రాగాన్ని కొలవడానికి ఈ రంగంలో అందరూ వాడే పద్ధతి ఒకటుంది. ఒక సందర్భం చెప్పి, అక్కడ నువ్వుంటే ఏమంటావని అడుగుతారు. దారి అడుగు. సూప్ ఇంకొంచెం పొయ్యమను. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పు. కోపంగా బెదిరించు. పర్సిస్ దానికి తన మెరుగు ఒకటి పెట్టింది. ఊహించుకున్న మనిషితో మాట్లాడితే గొంతులో కోపం పుట్టదని, ఎదురుగా ఉన్న మనిషి పేరు పెట్టి అనమనేది. తర్వాత ఆ రికార్డింగ్‌ని ముక్కలు చేసేది. ఒక వాక్యం, ఒక ఫైలు. వాక్యానికి ముందున్నదీ వెనకున్నదీ కత్తిరించేది. ముందూ వెనకా చప్పుడు ఉంటే కొలత తప్పుతుంది.

ముక్కలు కావాలని వాళ్లే అడిగారు. ఎఫ్రాయిన్ పలికిన వాక్యాలు లిన్‌కి కావాలి, బస్సులో విని నేర్చుకోవడానికి. లిన్ పలికినవి ఎఫ్రాయిన్‌కి కావాలి, లిన్‌ని ఏడిపించడానికి. ఆమె ఇద్దరికీ అన్నీ పంపింది.

చారు గిన్నె సింకులో పడేసి కంప్యూటర్ ముందు కూర్చున్న పర్సిస్‌ని భర్త నోయెల్ ఆఫీసు నుంచి వచ్చి చూశాడు. విషయం విన్నాడు. షూస్ విప్పడం మర్చిపోయాడు.

"యూనివర్సిటీ ఏమంది?"

"మెయిల్ పెట్టాను. రికార్డింగ్స్ ఎవరికీ షేర్ చేయొద్దు, సోమవారం కమిటీ మీట్ అవుతుంది అన్నారు."

"మరి సోమవారం దాకా ఆగు."

"ప్రాసిక్యూటర్ రేపు మధ్యాహ్నం దాకే ఆగుతాడు."

"పర్సిస్, వాళ్లు వద్దన్నాక నువ్వెళితే కాంట్రాక్ట్ రిన్యూ చెయ్యరు. నీ హెచ్-వన్ వాళ్లదే. నా గ్రీన్‌కార్డు ఐ-140 చూస్తే ఇంకా పెండింగ్. ఇద్దరికీ ఒకేసారి పోతే ఏం చేద్దాం?"

"చీరాల పోదాం. నాన్న క్వయర్‌లో ఆల్టోకి మనిషి లేదట."

"జోక్సా ఇప్పుడు?"

"ఆ మాట రాసింది నేను, నోయెల్. చంపేస్తాననే మాట. స్పానిష్‌లో వాక్యం సరిగ్గా కుదరడం లేదని రెండు రోజులు కూర్చుని రాశాను. వాడు చదివాడంతే."

నోయెల్ షూస్ విప్పి, తిరిగి వేసుకున్నాడు. "తినడానికేమైనా తెస్తాను. ఇల్లంతా మాడు వాసన," అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "పొద్దున నన్ను డ్రైవ్ చెయ్యమంటావా?" అని అడిగాడు.

"వద్దు. నువ్వొస్తే నాకు భయమేస్తుంది."

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఆమె పోలీస్ స్టేషన్‌లో లాప్‌టాప్ తెరిచింది. ఒర్తేగా ఎదురుగా కూర్చున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన కబురు ముందే చెప్పాడు: ఎఫ్రాయిన్ బతికే ఉన్నాడు, స్పృహ లేదు, గొంతులో గొట్టం వేశారు. తెలివొచ్చినా మాట్లాడలేడు.

"ముందు ఇది వినండి," అని పర్సిస్ ఒక ఫైలు నొక్కింది. లిన్ గొంతు. మాటలు తెలియకుండా గొంతులో రాగం మాత్రం మిగిలేలా ఆమె దాన్ని వడగట్టింది. గోడ అవతల మనిషి అరిచినట్టుంది.

"బెదిరిస్తున్నాడు," అన్నాడు ఒర్తేగా.

"ఇది?"

"ఇదీ అంతే. ఇందులో ఇంకా ఎక్కువ."

ఆమె రెండోదాన్ని మాటలతో సహా వినిపించింది. లిన్ సూప్ ఇంకొంచెం పొయ్యమంటున్నాడు.

ఒర్తేగా కుర్చీలో వెనక్కి వాలాడు. "సూప్ పొయ్యకపోతే కొంప తగలబెట్టేలా ఉన్నాడు."

"మీ చెవికి అలా ఉంటుంది. మీ చెవి తప్పు కాదు, వాడి తప్పూ కాదు."

"ఒప్పుకుంటాను. కానీ డాక్టర్, సూప్‌లో చంపేస్తాననే మాట లేదు. ఆ క్లిప్పులో ఉంది."

ఆమె ఇంకో ఫైలు తెరిచింది. ఇది ముక్క కాదు. ఫిబ్రవరిలో మధ్యాహ్నం భోజనాలకీ రాత్రి భోజనాలకీ మధ్య ఖాళీలో వంటగదిలో తీసిన పూర్తి రికార్డింగ్. యూనివర్సిటీ వద్దన్నది దీన్నే. ఇందులో ఎఫ్రాయిన్ గొంతు కూడా ఉంది. అనుమతి అడగడానికి అతనికి స్పృహ లేదు. ఆమె వేలు మీట మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

కొళాయి నీళ్లు. ఎగ్జాస్ట్ ఫ్యాన్. పర్సిస్ గొంతు: "లిన్, ఎఫ్రాయిన్ నీ కత్తి అడక్కుండా తీసుకున్నాడు. ఇది మూడోసారి. కోపంగా చెప్పు."

"నాకు కోపం లేదు, మాయెస్త్రా." మాయెస్త్రా అంటే టీచరమ్మ. "వాడు నాకు రోజూ టిఫిన్ తెస్తాడు."

"కోపం తెచ్చుకో, చీనో," అన్నాడు ఎఫ్రాయిన్. చీనో అంటే చైనావాడా అని. "నిన్న నీ దోసెడు మిరపకాయలు కాజేసింది నేనే."

"నువ్వా? పంది వెధవా!"

"అదీ!" అన్నాడు ఎఫ్రాయిన్. "ఆ మంటతోనే చెప్పు. ఒక్కో అక్షరం నూనెలో వేయించకు. చారు పోసినట్టు పొయ్యి. ఊ."

అప్పుడు ఆ వాక్యం. 'నా కత్తి మళ్లీ ముట్టుకున్నావంటే నిన్ను చంపేస్తాను, ఎఫ్రాయిన్.'

క్లిప్పు అక్కడ అయిపోతుంది. రికార్డింగ్ అయిపోలేదు. ఒక క్షణం కొళాయి నీళ్లే వినపడ్డాయి. తర్వాత ఎఫ్రాయిన్ నవ్వాడు. కడుపులోంచి వచ్చి, ఆగి, ముక్కుతో ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలయ్యే నవ్వు. "అమ్మో, చంపు! చంపేయ్ గానీ ఇంకోసారి ఇలా స్పానిష్ మాట్లాడకు! మాయెస్త్రా, ఇది నాకు పంపండి. వీడు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మోగాలి!" లిన్ నవ్వాడు. పర్సిస్ నవ్వింది. గరిటె ఏదో కింద పడింది.

తర్వాత ఎఫ్రాయిన్ వంతు. సింకులో మళ్లీ చేతులు పెట్టావంటే నిన్ను చంపేస్తాను, లిన్, అన్నాడు. రాగం వాక్యం మొత్తం మీద పరుచుకుని చివర ఒక్కసారి లేచి దిగింది. లిన్ మాటలు లేకుండా ఆ రాగం తీశాడు. మళ్లీ తీశాడు.

ఆ కూనిరాగం మధ్యలో ఇంకో గొంతు అరిచింది. చైనా భాష. దాని వెంటనే ఒక దెబ్బ చప్పుడు, లిన్ "ఆ" అనడం.

ఒర్తేగా చెయ్యెత్తాడు. ఆమె ఆపింది.

"ఏంటది?"

"ఇనప గరిటె."

"దేని మీద?"

"లిన్ భుజం మీద. మాటలాపి పని చూడమని."

"ఎవరు?"

"హువాంగ్. నేనున్న రోజుల్లోనే రెండు మూడుసార్లు చూశాను. ఏంటిదని అడిగితే, ఇక్కడ మామూలే, నోరెత్తితే మా ఇద్దరికీ పనిపోతుంది అన్నాడు ఎఫ్రాయిన్."

ఒర్తేగా లేచి బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆస్పత్రి కాగితం తెచ్చాడు. లిన్ కుడి అరచేతికి అడ్డంగా కోత ఉంది. కత్తి పిడి పట్టుకున్న చేతికి అలాంటి కోత పడదు. దిగే కత్తిని పట్టుకున్న చేతికి పడుతుంది. రాత్రి ఈ కాగితం చూసి కూడా తను పక్కన పెట్టానని ఒర్తేగా అన్నాడు. "క్లిప్పు విన్నాక చెయ్యి చూడబుద్ధి కాలేదు," అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండు లోపల లిన్‌ని కేసు లేకుండా వదిలేశారు. ఊరు వదలొద్దన్నారు. ఫోనులో ఉన్నదంతా కాపీ తీసుకుని ఫోను తిరిగి ఇచ్చారు. హువాంగ్ కోసం రెండు కార్లు వెళ్లాయి.

లిన్ చొక్కా సాక్ష్యం కింద ఉంచేసుకున్నారు. ఎవరిదో స్వెటర్ ఇచ్చారు. పర్సిస్ అతన్ని రోడ్డు అవతల డోనట్ దుకాణం ముందు ఆపిన తన కారు దగ్గరికి తీసుకెళ్లింది. అతను రాత్రి నుంచి ఏమీ తినలేదు. కాఫీ, రెండు డోనట్లు కొనిచ్చింది. అతను డోనట్ పట్టుకుని తినకుండా నిలబడ్డాడు. కుడి చేతికి కట్టు ఉంది.

"చెయ్యి తియ్యమన్నారు, మాయెస్త్రా. తీస్తే చస్తాడని చెప్పాను. స్పానిష్‌లోనే చెప్పాను. ఎందుకు తన్నారు?"

పర్సిస్ కాఫీ మూత తీసి అతని ముందు పెట్టింది.

"నిన్న హువాంగ్ నా మీద గరిటె ఎత్తితే ఎఫ్రాయిన్ వాడి చెయ్యి పట్టుకున్నాడు. గరిటె లాక్కుని సింకులో పడేశాడు. అంతే. దానికే హువాంగ్ కత్తి తీశాడు. హువాంగ్ కొట్టేది నన్ను. ఎఫ్రాయిన్‌కెందుకు?" లిన్ డోనట్ కారు మీద పెట్టి ఫోను తీశాడు. "బతికున్నాడో లేదో అడుగుతాను."

ఎఫ్రాయిన్ నంబరు నొక్కాడు.

ఎఫ్రాయిన్ ఫోను ఆస్పత్రిలో అతని అన్న నికనోర్ చేతిలో ఉంది. నికనోర్ ఇళ్లకి పైకప్పులు వేసే పని చేస్తాడు. రాత్రంతా తమ్ముడి మంచం పక్కన నిలబడే ఉన్నాడు. ఎవరు నరికారో అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక చైనావాణ్ణి పట్టుకున్నారని మాత్రం తెలుసు. ఆ ఫోను మోగింది. మామూలు రింగ్‌టోన్ కాదు. ఒక మగగొంతు చైనా యాసలో అరిచింది: నా కత్తి మళ్లీ ముట్టుకున్నావంటే నిన్ను చంపేస్తాను, ఎఫ్రాయిన్. మళ్లీ అరిచింది. మూడోసారి అరుస్తుండగా నికనోర్ ఫోను ఎత్తాడు. ఇదంతా తర్వాత కోర్టులో అతను చెప్పిన మాట.

లిన్ ఫోను స్పీకర్‌లో పెట్టాడు. పర్సిస్ విన్నది ఇంతే.

"ఎవరు?"

"లిన్‌ని. ఎఫ్రాయిన్ బతికున్నాడా?"

"ఎక్కడున్నావు?"

"పోలీస్ స్టేషన్ ఎదురుగా. డోనట్ కొట్టు. నన్ను వదిలేశారు."

"అక్కడే ఉండు. వస్తున్నాను."

ఎక్కడున్నావు అనే ప్రశ్నకి స్పానిష్‌లో స్వరం దిగాలి. దిగింది. పర్సిస్‌కి అందులో తేడా ఏమీ వినపడలేదు.

"వాళ్లన్న," అన్నాడు లిన్. అప్పుడు డోనట్ తిన్నాడు. "ఆస్పత్రికి తీసుకెళ్తాడు."

"నేను తీసుకెళ్తాను, పద."

"వద్దు మాయెస్త్రా, ఉండమన్నాడు. నేను వెళ్లిపోతే బాగుండదు."

ఆమె ఆగింది. నోయెల్‌కి ఫోన్ చేసి వదిలేశారని చెప్పింది. "థాంక్ గాడ్. ఇంక ఇంటికొచ్చెయ్," అన్నాడు అతను.

నికనోర్ పికప్ ట్రక్ రోడ్డు మీద నుంచి తిన్నగా దుకాణం ముందుకి వచ్చి, రెండు కార్లకి అడ్డంగా ఆగింది. ఇంజన్ ఆపలేదు. అతను దిగినప్పుడు చేతిలో మేకులు పీకే ఇనప కడ్డీ ఉంది. లిన్ రెండడుగులు ఎదురెళ్లాడు, చెయ్యి చాపుతూ.

మొదటి దెబ్బ ఆ చాపిన చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పర్సిస్‌కి వినపడింది. రెండోది చెవి మీద. లిన్ కారు ముందు భాగం మీద పడి, జారి కింద కూర్చున్నాడు. నేను పట్టుకున్నాను, మెడ నేను పట్టుకున్నాను, అని స్పానిష్‌లో అరిచాడు. ఒక్కో అక్షరం పై నుంచి కిందకి పడింది. ఆ అరుపుకి నికనోర్ మొహం మారింది.

"మెడ పట్టుకున్నావా! మళ్లీ చెప్పు! చంపేస్తానని మళ్లీ చెప్పు!"

మోకాలి మీద కొట్టాడు. పక్కటెముకల మీద కొట్టాడు. పర్సిస్ అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను చూడకుండానే మోచేత్తో విదిలించాడు. అది ఆమె నోటికి తగిలింది. ఆమె కారు తలుపుకి కొట్టుకుని పడింది. నోట్లో పన్ను ఊడిన చోట నాలుక తగిలింది. "వీడు కాదు!" అని స్పానిష్‌లో అరవబోతే రక్తం తప్ప మాట రాలేదు. దుకాణంలో ఎవరో కేకలు పెట్టారు. లిన్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడిన ప్రతిసారీ దెబ్బ పడుతోంది.

కారు తలుపు తెరిచే ఉంది. ముందు సీటులో లాప్‌టాప్. స్టేషన్‌లో ఆపిన ఫైలు ఆపిన చోటే తెరిచి ఉంది. ఆమె దాన్ని సీటు మీద నుంచి కిందకి లాగి, ఒళ్లో పెట్టుకుని, చప్పుడు చివరిదాకా పెంచి, గీతని వేలితో వెనక్కి జరిపింది. ఎంత జరిపిందో చూసుకోలేదు. నొక్కింది.

'...నిన్ను చంపేస్తాను, ఎఫ్రాయిన్.'

నికనోర్ ఇటు తిరిగాడు. కడ్డీ ఎత్తి ఆమె మీదకి ఒకడుగు వేశాడు.

కొళాయి నీళ్లు. తర్వాత ఎఫ్రాయిన్ నవ్వాడు. కడుపులోంచి వచ్చి, ఆగి, ముక్కుతో ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలయ్యాడు. అమ్మో, చంపు! చంపేయ్ గానీ! మాయెస్త్రా, ఇది నాకు పంపండి!

నికనోర్ చెయ్యి గాలిలో ఆగింది.

"అదెవరు?" అన్నాడు.

పర్సిస్ నోరు తుడుచుకుంది. "మీ తమ్ముడు."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. ముగ్గురం నవ్వుకున్నాం."

ఎఫ్రాయిన్ ఇంకా నవ్వుతున్నాడు. నికనోర్ కింద పడున్న లిన్‌ని చూశాడు. ఆమెని చూశాడు. కడ్డీ కింద పెట్టాడు. పడెయ్యలేదు, వంగి పెట్టాడు. రోడ్డు అవతల నుంచి పోలీసులు పరుగెత్తుకొచ్చేసరికి అతను లిన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవిలోంచి కారుతున్న రక్తం ఆగడానికి తన టోపీ ఒత్తి పట్టుకుని ఉన్నాడు. ఈసారి ముందు వచ్చిన పోలీసు ఒర్తేగా. చెయ్యి తియ్యమనలేదు. అంబులెన్స్ వచ్చాక బేడీలు వేశాడు.

లిన్ ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. మూడు పక్కటెముకలు విరిగాయి. పుర్రె ఎముక చెవి వెనక చిట్లింది. ఎడమ చెవి వినికిడి పోయింది, తిరిగి రాదన్నారు.

శనివారం ఎఫ్రాయిన్‌కి తెలివి వచ్చింది. ఒర్తేగా ఆరు ఫోటోలు చూపిస్తే హువాంగ్ ఫోటో మీద వేలు పెట్టాడు. తర్వాత వేలితో మంచం దుప్పటి మీద లిన్ అని రాసి, ప్రశ్నగుర్తు వేశాడు. ఒర్తేగా జవాబు చెప్పకుండా బయటికి వచ్చాడు. ఆ జవాబు చెప్పింది పర్సిస్, పై పెదవికి కుట్లతో. అన్న సంగతి కూడా చెప్పింది. ఎఫ్రాయిన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం పర్సిస్ వాళ్లు వెళ్లే తెలుగు చర్చిలో పెద్దాయన దైవాశీర్వాదం గారు లిన్, ఎఫ్రాయిన్, నికనోర్ ముగ్గురి కోసం ప్రార్థన చేశారు. పేర్లు పలకడం కష్టమై, "ప్రభువా, ఆ పేర్లు నీకు తెలుసు," అన్నారు.

హువాంగ్ మంగళవారం ఇండియానాలో ఒక బంధువు ఇంట్లో దొరికాడు. హత్యాయత్నం కేసు నడుస్తోంది. యజమాని భార్య తన మాట వెనక్కి తీసుకుంది. హోటలు మూతపడింది. నికనోర్ నేరం ఒప్పుకున్నాడు. కోర్టు లిన్‌ని ఏమైనా చెప్పుకుంటావా అని అడిగింది. చైనా భాష దుబాసీ పక్కనే ఉన్నా లిన్ స్పానిష్‌లో మాట్లాడాడు. మెడ పట్టుకుంది రక్తం ఆపడానికని చెప్పాడు. జడ్జికి అరిచినట్టు వినపడి, నెమ్మదిగా మాట్లాడమని చెప్పించింది. నికనోర్ తల వంచుకుని, "ఆయన గొంతు అంతేనమ్మా," అన్నాడు. నాలుగేళ్లు శిక్ష పడింది.

యూనివర్సిటీ పర్సిస్ పనిని ఆరు నెలలు ఆపేసింది. కాంట్రాక్ట్ తియ్యలేదు. కత్తిరించిన ముక్కలు మనుషులకి పంపకూడదని కొత్త నిబంధన పెట్టింది.

ఎఫ్రాయిన్ గొంతు జూన్‌లో తిరిగి వచ్చింది. స్వరాన్ని పైకి లేపే నరం కత్తి దెబ్బకి తెగిపోయిందని డాక్టర్లు చెప్పారు. మాట వస్తుంది, ఎత్తుపల్లం రాదు. నవ్వితే గాలి వస్తుంది.

సెప్టెంబర్‌లో పర్సిస్ వాళ్లిద్దరినీ ఎఫ్రాయిన్ గదిలో మళ్లీ రికార్డ్ చేసింది. బెదిరింపు వాక్యం ఆ వరసలోంచి తీసేసింది. లిన్ కుడి చెవి ఎఫ్రాయిన్ వైపు తిప్పి కూర్చున్నాడు.

"అడుగు, చీనో," అన్నాడు ఎఫ్రాయిన్, ఒకే స్వరంలో. "సూప్ అడుగు."

లిన్ ముందు మాటలు లేకుండా రాగం తీశాడు. తర్వాత అడిగాడు.

ఆ సాయంత్రం పర్సిస్ ఫిబ్రవరిలో ఎఫ్రాయిన్ పలికిన సూప్ వాక్యం స్వరం ఎత్తుపల్లాలు చూపే గీతనీ, ఇవాళ లిన్ పలికినదాని గీతనీ తెర మీద ఒకదానిపై ఒకటి వేసింది. చివరి రెండు అక్షరాల దాకా రెండూ కలిసి వెళ్లాయి. అక్కడ ఎఫ్రాయిన్ గీత లేచింది. లిన్ గీత పడిపోయింది.